బరువు పని మానాలా, ఆట మానాలా?

ప్రశ్న: నా వయసు 58. పదహారో ఏట నుంచి వడ్రంగం నా వృత్తి. పాతికేళ్లుగా సాయంత్రాలు షటిల్ డబుల్స్ ఆడుతున్నాను. ఏడాదిగా కుడి భుజం నొప్పి పెడుతోంది. చేయి తలపైకి ఎత్తి డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుంటే ఐదు నిమిషాలకే లాగేస్తోంది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు సతాయిస్తున్నాయి. ఆట ఉన్న రోజు ముందుగానే నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. ఈ మధ్య ఒక ద్వారబంధం ఎత్తబోతుంటే, నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ‘మీరు వదిలేయండి బాబాయ్, మేం చూసుకుంటాం’ అంటూ నా చేతుల్లోంచి తీసుకున్నాడు. వాడి తప్పేమీ లేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోర్టులో కూడా కుర్రాళ్లు నాకు అందేలా మెల్లగా కొడుతున్నారు. ఇంట్లో వాళ్లు రెండూ మానేయమంటున్నారు. మానేస్తే మంచానికి అతుక్కుపోతానేమోనని, మానకపోతే నవ్వులపాలవుతానేమోనని భయంగా ఉంది. ఏది మానాలి? ఎప్పుడు మానాలి?

సమాధానం: మీ ఇంట్లో వాళ్లు మీ మీద ప్రేమతోనే చెబుతున్నారు కానీ, వృత్తినీ ఆటనూ ఒకే గాటన కట్టేశారు. ఈ రెండూ ఒంటిని అలసిపోయేలా చేస్తాయన్న మాట నిజమే అయినా, ఆ అలసట వచ్చే తీరు వేరు, దాని మీద మీకుండే అదుపు కూడా వేరు. కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బరువులెత్తడం, చేతులు తలపైకి పెట్టి గంటల తరబడి పని చేయడం ఇప్పుడే మానండి. వడ్రంగం మానకండి. షటిల్ ఆడే పద్ధతి మార్చుకోండి, కానీ ఆటను వదలకండి. ఈ రెండింటిలో ఏదో ఒకటి తగ్గించక తప్పని రోజు వస్తే ముందు తగ్గాల్సింది పనిలోని బరువే తప్ప ఆట కాదు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. పని తప్పనిసరి, ఆట సరదా అనుకుని, మొదట ఆట మానేసి ఉన్న కాస్త ఓపికనూ బరువులకే ధారపోస్తారు.

ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే, ఈ వయసులో ఒంట్లో ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి. ముప్పై దాటిన దగ్గర్నుంచి పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఈ వేగం ఇంకా పెరుగుతుంది. అయితే కండ కంటే బలం త్వరగా తగ్గుతుందని, బలం కంటే కూడా ఆ బలాన్ని ఒక్క క్షణంలో చూపించగలిగే చురుకుదనం ఇంకా త్వరగా తగ్గుతుందని గమనించాలి. ఎందుకంటే కండరాల్లో వేగంగా ముడుచుకునే పోగులు, నిదానంగా ముడుచుకునే పోగులు అని రెండు రకాలుంటాయి. వయసు మొదట దెబ్బతీసేది వేగం పోగులనే. మీరు గంటసేపు చిత్రిక పట్టగలిగి కూడా, నెట్ దగ్గర హఠాత్తుగా మెల్లగా పడిన షటిల్‌ను అందుకోలేకపోవడానికి ఇదే కారణం. కుర్రాళ్ల కంటే మీరు బలహీనులు కాకపోవచ్చు, నిదానస్తులు మాత్రం అయ్యారు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఏది వదలాలో, ఏది నిలుపుకోవాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

ఇక రెండో మార్పు, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లది. వాటికి రక్తప్రసరణ మొదటి నుంచీ తక్కువే. వయసుతో పాటు అవి బిరుసెక్కి, చిన్న చిన్న చిరుగులను మరమ్మతు చేసుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటాయి. ఇరవై ఐదేళ్లప్పుడు రాత్రి నిద్రతో సర్దుకున్న భుజానికి ఇప్పుడు రెండు మూడు రోజులు కావాలి. మీ దినచర్యలో ఆ రెండు మూడు రోజులు ఎక్కడున్నాయి? పగలు పైకప్పుకు డ్రిల్లింగ్, సాయంత్రం అదే చేత్తో తలపై నుంచి బలంగా కొట్టే స్మాష్, మర్నాడు మళ్లీ డ్రిల్లింగ్. భుజం కీలు చుట్టూ ఉండి చేతిని పైకెత్తే నాలుగు కండరాల టెండన్ల సముదాయాన్ని రొటేటర్ కఫ్ అంటారు. చేయి తలపైకి వెళ్లినప్పుడు అది రెండు ఎముకల మధ్య ఇరుకు సందులో పని చేస్తుంది. అరవై దాటిన వారిలో ఈ టెండన్ చిరగడం చాలా సాధారణం. మీ నొప్పి అదేనని ఉత్తరం చదివి చెప్పలేను కానీ, పనిలోనూ ఆటలోనూ మీరు వాడుతున్నది ఆ ఒక్క చోటునే అన్నది స్పష్టం.

ఇప్పుడు పనికీ ఆటకీ ఉన్న తేడా చూద్దాం. కోర్టులో అలసిపోతే మీరు పక్కకు వచ్చి కూర్చోవచ్చు, ఒక గేమ్ తక్కువ ఆడవచ్చు, ఆ రోజు వెళ్లకుండా ఉండవచ్చు. ద్వారబంధం సగం ఎత్తాక మాత్రం ‘ఇక నా వల్ల కాదు’ అని వదిలేయడం కుదరదు. ఎంత బరువో, ఎన్నిసార్లు ఎత్తాలో, ఏ గంటలో ముగించాలో నిర్ణయించేది పని, మీరు కాదు. ఇష్టంగా చేసే వ్యాయామం గుండెకు ఇచ్చే మేలును రోజంతా చేసే బరువు పని ఇవ్వడం లేదని డెన్మార్క్‌కు చెందిన పరిశోధకులు కొన్నేళ్లుగా చెబుతూ వస్తున్నారు. ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండటం, తగిన విశ్రాంతి లేకపోవడం, రక్తపోటు గంటల తరబడి హెచ్చుగా ఉండటం ఇందుకు కారణాలై ఉండవచ్చని వారి వివరణ. ‘రోజంతా ఒళ్లు వంచి పని చేసేవాడికి వేరే వ్యాయామం ఎందుకు’ అన్న మాట మన చుట్టూ బాగా వినిపిస్తుంది. నేనైతే ఆ మాటను నమ్మను.

బరువు విషయంలో ఒక లెక్క మీకు ఉపయోగపడుతుంది. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే వస్తువు నడుము ఎత్తుకు దగ్గరగా, ఒంటికి ఆనుకుని, పట్టు బాగా దొరికేలా ఉన్నప్పుడు, ఒక మనిషి ఎత్తదగిన బరువు 23 కిలోలు. అదే వస్తువు చీలమండల మధ్య బిందువు నుంచి 50 సెంటీమీటర్ల దూరానికి జరిగితే ఆ పరిమితి సగమైపోతుంది. మామూలు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పూర్తి షీటు ఒక్కటే సుమారు 30 కిలోలుంటుంది. దాన్ని ఒంటికి ఆనించి పట్టుకోవడం కూడా కుదరదు. కాబట్టి అది ఇరవై ఏళ్ల కుర్రాడు కూడా ఒక్కడే ఎత్తాల్సిన వస్తువు కాదు. ‘నేను పెద్దవాణ్నయ్యాను కాబట్టి మీరు ఎత్తండి’ అనడానికి బదులు ‘షీటు ఎత్తితే ఇద్దరు, ద్వారబంధమైతే ముగ్గురు’ అని మీ బృందం మొత్తానికి ఒక నియమం పెట్టండి. అప్పుడు అది మీ వయసుకు సంబంధించిన మినహాయింపుగా కాకుండా పని పద్ధతిగా నిలుస్తుంది, ఆ కుర్రాళ్ల నడుములు కూడా నాలుగు కాలాలపాటు బాగుంటాయి.

తలపైన చేసే పనిని వీలైనంత కిందికి దించండి. పైన బిగించాల్సిన భాగాలను ముందే బల్ల మీద పెట్టి రంధ్రాలు వేసుకోవడం, నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కి పనిని ఛాతీ ఎత్తుకు తెచ్చుకోవడం, బరువైన మిషన్‌కు బదులు తేలికైనది వాడటం వంటివి చిన్న మార్పులే అయినా భుజానికి పెద్ద తేడా తెస్తాయి. నిచ్చెన గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. వయసుతో పాటు నిలకడ తగ్గుతుంది కాబట్టి, కింద పట్టుకునే మనిషి లేకుండా ఎక్కకండి. బల్ల మీద కొలత, గీత, కోత, అతుకు కుదర్చడం, పనిముట్లకు పదును పెట్టడం, ఏ చెక్క ఎటు వంగుతుందో చూసి ఎంచడం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. వీటికి కావలసింది వేగం కాదు. నలభై ఏళ్లకు పైగా పట్టిన ఉలి మీ చేతికి నేర్పినది ఈ పనుల్లోనే ఎక్కువగా అక్కరకొస్తుంది.

పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్ 1976లో, 89 ఏళ్ల వయసులో కచేరీలు విరమించాడు. వృద్ధాప్యం మీద పరిశోధన చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బాల్టెస్ తరచూ ఆయన్ని ఉదాహరణగా చెప్పేవారు. ఎనభై ఏళ్ల వయసులో కూడా అంత బాగా ఎలా వాయించగలుగుతున్నారని అడిగితే, తక్కువ కృతులు ఎంచుకుంటాననీ, వాటినే ఎక్కువగా సాధన చేస్తాననీ, వేగంగా వాయించాల్సిన చోటుకు ముందు కాస్త నెమ్మదిస్తాననీ, దాంతో ఆ తర్వాత వచ్చేది వినేవాళ్లకు వేగంగానే తోస్తుందనీ ఆయన చెప్పినట్టు బాల్టెస్ ప్రస్తావించారు. ఇందులో మూడోది నాకు మరీ నచ్చింది, ఎందుకంటే అందులో కాస్త కొంటెతనం ఉంది. షటిల్‌లో మీరు చేయగలిగింది కూడా సరిగ్గా ఇదే. ప్రతి షటిల్‌నూ బలంగా కొట్టే ఆటగాడు ఒక్కసారి మెల్లగా వేస్తే ఎదుటివాడు తడబడతాడు. మెల్లగా ఆడుతూ ఉన్నట్టుండి ఒకటి బలంగా కొట్టేవాడి విషయంలోనూ అదే జరుగుతుంది.

ఇక ఆట సంగతి. గాల్లోకి ఎగిరి కొట్టే స్మాష్‌ను ఈ రోజే వదిలేయండి. ఎగరడం కంటే దిగడం ప్రమాదం. పిక్కను మడమకు కలిపే అకిలెస్ టెండన్ తెగిపోయే ఘటనలు, హఠాత్తుగా పరుగు తీసి ఆగే ఇలాంటి ఆటల్లో, నడివయసు మగవారిలోనే ఎక్కువగా కనిపిస్తాయి. తెగినప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుందని చాలామంది చెబుతారు. డబుల్స్‌లో మీ జోడీతో మాట్లాడుకుని, వెనక కోర్టు అతనికి అప్పగించి, నెట్ దగ్గర చోటు మీరు తీసుకోండి. అక్కడ కావలసింది ఎదుటివాడి చేయి ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టే చూపు, అది మీకు పాతికేళ్ల ఆస్తి. అయితే ముందుకు వంగి కాలు చాపే కదలిక మోకాలికి భారం కాబట్టి, ఒకే పెద్ద అంగకు బదులు రెండు చిన్న అడుగులు వేయడం అలవాటు చేసుకోండి. ఆటకు ముందు పది నిమిషాలు నడక, మెల్లని పరుగు, భుజాలు తిప్పడం, ఖాళీ రాకెట్‌తో ఊపడం తప్పనిసరి. వరుసగా రెండు రోజులు ఆడకండి. పగలు చేతులు ఎత్తే పని ఎక్కువగా చేసిన రోజున సాయంత్రం కోర్టుకు వెళ్లినా స్కోరు రాయడానికో, కబుర్లకో వెళ్లండి.

ముందుగా నొప్పి మాత్ర వేసుకుని ఆడే పద్ధతి మాత్రం పూర్తిగా మానేయాలి. ఆ మాత్ర నొప్పి తెలియకుండా చేస్తుందే తప్ప చిరిగే టెండన్‌ను చిరగకుండా ఆపదు. ఎక్కడ ఆగాలో చెప్పే ఒకే ఒక్క సంకేతాన్ని మీరు నోరు నొక్కి కోర్టులోకి దిగుతున్నారు. పైగా ఈ రకం మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల ఇబ్బంది, రక్తపోటు పెరగడం వంటివి వచ్చే ప్రమాదం ఉంది. మాత్ర లేకుండా ఆడలేకపోతే ఆ రోజు ఆట లేదనే అర్థం.

కుర్రాళ్లు మెల్లగా కొట్టడం గురించి రాశారు. నిజాయితీగా చెప్పాలంటే దీనికి రెండే దారులున్నాయి. ‘నాకు స్మాష్ కొట్టండి, నెట్ దగ్గర నేను చూసుకుంటాను, దూరం పరుగెత్తించకండి’ అని మీ షరతులు మీరే చెప్పడం ఒకటి. మీ వయసు వాళ్లతో ఆడటం రెండోది. బ్యాడ్మింటన్ ప్రపంచ సమాఖ్య నిర్వహించే సీనియర్ ప్రపంచ పోటీలు 35 ఏళ్ల నుంచి మొదలై ఐదేళ్లకొక విభాగంగా డెబ్బై దాటిన వారి దాకా సాగుతాయి. అంటే, వయసును బట్టి విడివిడిగా పోటీ పడటం ఆ ఆట ఒప్పుకున్న పద్ధతే, అది ఎవరో దయతలిచి ఇచ్చిన రాయితీ కాదు.

మానేస్తే మంచానికి అతుక్కుపోతానన్న మీ భయం అతిశయోక్తి కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పది రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో అచ్చయింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్లలో కిలోకు దగ్గరగా కండ తగ్గింది. దీనికి అవతలి వైపు కూడా చూడండి. 1990లో అచ్చయిన మరో అధ్యయనంలో వృద్ధాశ్రమంలో ఉండే తొంభై ఏళ్ల వయసు వారితో ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. వారిది చిన్న బృందమే కానీ, ఆ కొద్దిమందిలోనూ కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగిన బలం 58లో పెరగకపోదు. కదలకుండా కూర్చున్నవారిలో ఊపిరితిత్తులు, గుండె కలిసి ఒంటికి ఆక్సిజన్ అందించే గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకు సుమారు 10 శాతం తగ్గుతుంది. గట్టిగా సాధన కొనసాగించేవారిలో ఆ తరుగుదల దాదాపు సగానికి పరిమితమవుతుంది. అంటే తరుగుదల ఎవరికీ తప్పదు, ఎంత వేగంగా అన్నది మాత్రం కొంతవరకు మన చేతిలో ఉంది.

కాబట్టి బరువు పని తగ్గించిన మేరకు ఆ ఖాళీని లెక్క ప్రకారం చేసే వ్యాయామంతో నింపండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం కావాలి. అరవై ఐదు దాటిన వారికైతే మూడు రోజులు నిలకడ సాధన కూడా జోడించారు. మీ విషయంలో నిలకడ సాధన ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం, లేచిన దానికంటే నిదానంగా కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తి నెమ్మదిగా దించడం, ఒంటికాలి మీద నిలబడటం వంటివి సామాన్యంగా కనిపిస్తాయి కానీ, మోకాలిని కాచే తొడ కండరానికీ పిక్క టెండన్‌కూ ఇవే ఆధారం. నెమ్మదిగా దించే భాగంలోనే సగం ఫలితం ఉంది, అందరూ తొందరపడేది కూడా అక్కడే. ఆహారంలో మాంసకృత్తులు తగ్గకుండా చూసుకోండి. పెద్దవారికి ఒంటి బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు కావాలని నిపుణులు సూచిస్తున్నారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడిగే పెంచాలి.

కెనడాకు చెందిన ఎడ్ విట్లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, మారథాన్‌ను మూడు గంటల లోపు ముగించాడు. ఇలాంటి కథలు మీకు పంపేవాళ్లు పంపుతూనే ఉంటారు. చదివి సంతోషించండి, కానీ వాటిని మీ కొలబద్దగా పెట్టుకోకండి. ఆయన దశాబ్దాలపాటు పరుగెత్తాడే గానీ పగలంతా ద్వారబంధాలు ఎత్తలేదు.

ఎప్పుడు మానాలన్న ప్రశ్నకు ఫలానా వయసు అని చెప్పడం కుదరదు. ఒక పని చేశాక నొప్పి మర్నాటికి తగ్గకుండా మూడో రోజుకు కూడా మిగిలితే ఆ పని మోతాదు మించిందని అర్థం, సగానికి తగ్గించండి. సగంలోనూ అదే జరిగితే ఆ ఒక్క పనిని వదలండి. నొప్పిని తప్పించుకోవడానికి మీ నడక, నిలబడే తీరు మారిపోయినా అంతే. ఇలా ఒక్కో పనిగా, ఒక్కో కదలికగా వదలడం వల్ల ఒకేసారి అన్నీ కోల్పోయినట్టు ఉండదు. గాయం అయ్యాక మానడం కన్నా ముందే మానడంలో ఇంకో లాభం ఉంది. ఎవరికి ఏది అప్పగించాలో మీరు నిర్ణయించవచ్చు.

ఆ కుర్రాడి విషయానికి వస్తే, మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం బరువు పోవడం కాదనుకుంటాను. మీరు ఇవ్వకముందే అది మీ చేతిలోంచి వెళ్లింది. ఇకపై పని మొదలయ్యే ముందే ‘ఎత్తడం మీ ఇద్దరిది, మట్టం చూసి నిలబెట్టించడం నాది’ అని మీరే పంచండి. అప్పగించాక మాత్రం వాళ్ల వెనకే నిలబడి ప్రతి మేకుకూ సలహా చెప్పకండి. చేతికి పని తగ్గిన పెద్దవాళ్లలో నోటికి పని పెరగడం చాలాచోట్ల చూస్తుంటాం, మీ మీద కుర్రాళ్లకున్న గౌరవం తరిగేది బరువు ఎత్తలేకపోవడం వల్ల కాదు, దీనివల్లే. ఆదాయం కొంత తగ్గవచ్చు కూడా. దాన్ని దాచకుండా ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని, అంచనాలు కట్టడం, కొలతలు తీయడం, పాత సామాను బాగుచేయడం వంటి పనులకు విడిగా కూలి అడగడం మొదలుపెట్టండి. ఇన్నాళ్లూ వాటిని బరువు పనిలో కలిపి ఉచితంగా ఇచ్చి ఉంటారు.

ఇవన్నీ చేసేముందు ఎముకల వైద్యుణ్ని కలిసి భుజం చూపించండి. ఏడాదిగా ఉన్న నొప్పిని ఇక వాయిదా వేయకూడదు. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకుంటే మెలకువ వస్తోందా, చేయి దానంతట అది పైకి లేవకపోతే రెండో చేత్తో ఎత్తుకోవాల్సి వస్తోందా అన్న రెండు విషయాలు ఆయనకు తప్పక చెప్పండి. మీరు వాడుతున్న మాత్ర చీటీ కూడా తీసుకెళ్లండి, రక్తపోటు చూపించుకోండి. ఆడేటప్పుడు ఛాతీలో బిగుతు గానీ, మామూలు కంటే ఎక్కువ ఆయాసం గానీ, తల తిరగడం గానీ ఉంటే భుజం కంటే ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి, అది తేలేదాకా కోర్టులో దిగకండి. భుజం టెండన్ పూర్తిగా తెగలేదని తేలితే, ఫిజియోథెరపిస్టు చెప్పిన వ్యాయామాలు కనీసం మూడు నెలలు చేశాకే అవి పనిచేశాయో లేదో తేల్చండి. ఆ మూడు నెలలూ షటిల్‌లో చేయి భుజం ఎత్తు దాటనివ్వకుండా, నెట్ దగ్గరే ఆడండి.